తీసెయ్యమన్న మాటలు

పోయిన వారం పెంటపాడు నుంచి ఒకావిడ వట్లూరులోని మా ఇంటికి వచ్చారు. పేరు సుబ్బలక్ష్మి గారు. నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో అటెండరు వాళ్ళ వీధిలోనే ఉంటాడట, అతను చెప్పి పంపించాడు. ఆవిడ భర్త పురోహితులు. గొంతులో జబ్బు చేసింది, స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషన్ అయ్యాక ప్రాణానికి భయం లేదు గానీ మాట ఉండదు. ఆవిడ ఏడవలేదు. చేతిసంచీలోంచి ఫోను తీసి రెండు చేతులతో నా ముందు పెట్టి, "మీ నాన్నగారి గొంతు మీరు కంప్యూటర్లో దాచి మాట్లాడించారంట కదండీ. మా ఆయనక్కూడా అలాంటి ఏర్పాటేదైనా చేసిపెడతారేమోనని వచ్చానండి. ఆయనైతే అన్నీ రికార్డు చేసేసి సిద్ధంగా ఉంచారండి," అన్నారు.

నేను విన్నాను. సంకల్పం ఉంది, పుణ్యాహవచనం ఉంది, పెళ్ళి మంత్రాలు మొదటి నుంచి చివరిదాకా ఉన్నాయి. వ్రతకథ మొత్తం ఉంది. గొంతు కాస్త బొంగురుపోయినా ఎక్కడా తడబాటు లేదు. ఒక్కో ఫైలూ శుభ్రంగా మొదలై శుభ్రంగా ముగిసింది. చాలాసేపు విని, "ఇందులో మిమ్మల్ని పిలిచింది ఏదైనా ఉందాండీ?" అని అడిగాను. ఆవిడ తెల్లబోయారు. "నన్నాండీ? నన్నెందుకు పిలుస్తారండీ ఇందులో? ఇది రికార్డింగు కదండీ!" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఇంత కష్టంలో ఉన్న మనిషి ఎదురుగా నవ్వడమేమిటని ఆవిడ నొచ్చుకునేలోపే కాఫీ కలుపుకొచ్చి, మా ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆవేళ ఆవిడకి క్లుప్తంగా చెప్పాను. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది అప్పుడు తాడేపల్లిగూడెంలో, చర్చి వీధిలో చిన్న పెంకుటిల్లు. వీధి వైపు వరండా, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు. పొద్దున్నే మార్కెట్టు నుంచి ఉల్లిపాయల బళ్ళు మా వీధి మీదుగానే వెళ్ళేవి. ఆ ఘాటూ, వంటింట్లో అమ్మ కాల్చే ఎండుచేపల వాసనా, మధ్యగదిలో నేను తీగలకి టంకం వేస్తుంటే లేచే పొగా, మూడూ కలిసి మా ఇంటి వాసన అయ్యేవి. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు ఏమీ తెలిసేది కాదు.

నాన్న మిషన్ బడిలో తెలుగు మాస్టారు. ఆదివారం ఆరాధన చివర చర్చిలో ప్రకటనలు చదివేది ఆయనే. ఎవరింట్లో ప్రార్థన కూటమి, ఎవరి పెళ్ళి, ఎవరికి జ్వరం వచ్చింది, అన్నీ ఆయన నోట వింటేనే మా వీధికి నమ్మకం. మెత్తటి మనిషి. కూరలమ్మే ఆవిడనీ అండీ అనేవారు, రిక్షా అతన్నీ అండీ అనేవారు. పాలగిన్నె దగ్గరికి వచ్చిన పిల్లిని కూడా "వెళ్ళండి, వెళ్ళండి" అని తోలడం నేను చెవులారా విన్నాను. అమ్మది కొల్లేరు లంక. నీళ్ళ మీద పడవల్లో తిరిగేవాళ్ళని ఒడ్డున నిలబడి పిలుస్తూ పెరిగిన గొంతు ఆమెది. పెళ్ళై ఊళ్ళోకి వచ్చాక కూడా ఆ గొంతుని తగ్గించుకోవాల్సిన అవసరం ఆమెకి కనిపించలేదు.

ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. చెడ్డగా కాదు. నాన్న వరండాలో పేపరు పట్టుకుని, అమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండానే కాఫీలో పంచదార గురించీ, తడి గొడుగు ఎక్కడ ఆరబెట్టాలన్నదాని గురించీ, ఎప్పుడో మేనమామ పెళ్ళిలో ఎవరు ఎవర్ని ఏమన్నారన్నదాని గురించీ వాదించుకునేవారు. ఆ మాటలన్నీ మధ్యగదిలో నా నెత్తి మీదుగా వెళ్ళేవి. బయట అంత మెత్తగా ఉండే నాన్న అమ్మ దగ్గర మాత్రం చిలిపి మనిషి. ఆమెని రెచ్చగొట్టి, ఆమె అరుస్తుంటే పేపరు చాటున నవ్వుకునేవారు. చివరికి "సరేనోయ్, నీదే గెలుపు" అనేవారు. అప్పుడు కంచాలు పెట్టేది అమ్మ.

మధ్యగది నాది, నా కంప్యూటరుది. అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం కోసం చూస్తూ, చూడడం కంటే ఎక్కువగా ఆ పెట్టెతో కుస్తీ పడుతూ ఉండేదాన్ని. అది కొన్న కంప్యూటరు కాదు, కూడబెట్టిన కంప్యూటరు. ఒక ఆఫీసు వాళ్ళు పారేసిన బోర్డు, ఏలూరు షాపులో మూలపడున్న డిస్కు, ఎవరో వద్దన్న మానిటరు. వారానికొకసారి విప్పక తప్పదు కాబట్టి పెట్టెకి మూత పెట్టడం ఎప్పుడో మానేశాను. మొదటిసారి స్విచ్చి వేసిన రోజు, కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే మా ఇళ్ళలో చేసినట్టే, నాన్న కళ్ళు మూసుకుని పొడుగాటి ప్రార్థన చేశారు. ముగిశాక నేను స్విచ్చి వేస్తే పెట్టె మూడుసార్లు బీప్ బీప్‌మని అరిచి ఊరుకుంది. "ఆమేన్ అందేమో అమ్మా," అన్నారు నాన్న. అది ఆమేన్ కాదు, మెమరీ కార్డు సరిగ్గా ఆనలేదని చెప్పడం. దాన్ని ఊడదీసి, నాన్న బల్ల మీది పెన్సిల్ రబ్బరుతో దాని పళ్ళు రుద్ది మళ్ళీ పెడితే తెర వెలిగింది. మూడోసారి స్విచ్చి వేస్తే మళ్ళీ వెలగలేదనుకోండి, అది వేరే సంగతి.

వానాకాలం వస్తే ఆ పెట్టెకి రోజుకొక రోగం. కొల్లేటి వైపు నుంచి వచ్చే చెమ్మగాలికి తీగలు పచ్చబడేవి, చీమలు లోపల కాపురం పెట్టేవి, సౌండ్ కార్డు పలకనని మొరాయించేది. అమ్మ ఉప్పుజాడీ నీరెక్కకుండా పొయ్యిగట్టు మీద వెచ్చగా పెట్టుకునేది. నా అవస్థ చూసి ఆ కార్డుని కూడా తీసుకెళ్ళి జాడీ పక్కన పెట్టింది. నేను మొత్తుకున్నాను. మర్నాడు కార్డు పలికింది. అప్పట్నుంచి ముసురు పట్టినప్పుడల్లా నేనే తీసుకెళ్ళి అక్కడ పెట్టేదాన్ని. పుస్తకాల్లో ఎక్కడా లేని వైద్యం, మా ఇంట్లో మాత్రం బాగా పనిచేసేది.

నాన్న గొంతు బొంగురుపోవడం మొదట మేమెవ్వరం పట్టించుకోలేదు. బడిలో అరిచి అరిచి అనుకున్నాం. మిరియాల పాలు, తమలపాకు రసం, ఉప్పునీళ్ళు అన్నీ అయ్యాయి. చివరికి బెజవాడలో పెద్ద డాక్టరు చూసి సంగతి చెప్పేశాడు. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు. ముగ్గురం తిరుగు రైలెక్కాం. ఏలూరు దాటాక నాన్న నా వైపు తిరిగి, బడిలో ప్రశ్న అడిగినట్టు, "నీ పెట్టెలో నా గొంతు దాచడం అవుతుందా అమ్మా?" అని అడిగారు. అవుతుందని చెప్పేశాను. ఎలాగో అప్పటికి నాకు తెలియదు.

ఇప్పుడు వింటే నవ్వొచ్చే ఏర్పాటే గానీ నాకప్పుడు అది మహాయజ్ఞం. టేపు రికార్డరు మైకు ఒకటి సంపాదించి కర్రకి కట్టాను. ఏ మీట నొక్కితే ఆ మాట వినిపించేలా చిన్న ప్రోగ్రాము రాశాను. కీబోర్డు మీటల మీద కాగితం ముక్కలు అతికించి తెలుగులో పొట్టి పొట్టి మాటలు రాశాను. పాత టేపు రికార్డరు స్పీకరుకి చిన్న యాంప్లిఫయరు కట్టి, మాట వంటింటిదాకా వెళ్ళేలా చేశాను. అది ముఖ్యం. నాన్నకి పలక ఎలాగూ ఉంది, ఏం కావాలన్నా రాసి చూపించొచ్చు. కానీ వెనక్కి తిరిగి వంట చేసుకుంటున్న మనిషిని పలక పిలవలేదు. మా ఇంట్లో మాటలన్నీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేవే.

మిగిలిందల్లా నాన్న మాట్లాడడం. అక్కడే వచ్చింది చిక్కు. మొదటి రోజు కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి, రైలు వెళ్ళిపోయేదాకా ఆగి, "ఇక మాట్లాడండి నాన్నగారూ" అన్నాను. ఆయన స్నానం చేసి ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చర్చిలో నిలబడ్డట్టే రెండు చేతులూ ముందుకి కట్టుకుని నిలబడి, గొంతు సవరించుకుని, "దయచేసి నాకు మంచినీళ్ళు ఇప్పించవలసినదిగా కోరుచున్నాను" అన్నారు.

నేను ఆపేశాను. "నాన్నగారూ, ఇంట్లో అలా ఎవరు అడుగుతారండీ?"

"ఇంట్లో మాట వేరమ్మా. ఇది రికార్డు. పదికాలాలుండేది. వెకిలిగా ఉండకూడదు."

ఎంత చెప్పినా వినలేదు. మైకు ముందు నిలబడి మామూలుగా మాట్లాడడమన్నది ఆయన ఒంట్లో లేదు. జీవితమంతా మైకు అంటే ప్రకటనే. "నాకు ఆకలిగా నున్నది, భోజనము సిద్ధపరచవలెను." "మా గృహమునకు విచ్చేసిన మీకు నా హృదయపూర్వక వందనములు." అమ్మని పిలవడానికి ఒక మాట కావాలంటే చాలాసేపు ఆలోచించి, "నా సహధర్మచారిణిని ఒకసారి ఇటు రావలసినదిగా మనవి చేయుచున్నాను" అన్నారు. తలుపు చాటున అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నాకు కనిపిస్తూనే ఉంది. పోనీ ఇదే బాగుందేమో, మాస్టారు కదా అని నేనూ సరిపెట్టుకున్నాను. రోజూ పని ముగిశాక, "ముందూ వెనకా ఉన్న చెత్తంతా తీసెయ్యమ్మా. దగ్గులూ గొణుగుళ్ళూ ఏవీ మిగలకూడదు," అని మరీ మరీ చెప్పేవారు. డిస్కులో చోటు కూడా తక్కువే. అసలు మాట వరకూ కత్తిరించి దాచి, మిగతాదంతా చెరిపేసేదాన్ని.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ దగ్గర రంధ్రం మీద తెల్ల గుడ్డ కట్టుకుని నాన్న ఇంటికి వచ్చారు. ప్రాణం దక్కిందని చర్చిలో అందరూ స్తుతి చేశారు. మర్నాడు పొద్దున్న నేను కంప్యూటరు వెలిగించి, కుర్చీ వేసి, కీబోర్డు ఆయన ముందు పెట్టాను. ఆయన వేలితో మెల్లిగా నొక్కారు. "దయచేసి నాకు మంచినీళ్ళు ఇప్పించవలసినదిగా కోరుచున్నాను" అంది స్పీకరు, ఇల్లంతా వినబడేలా. అమ్మ గ్లాసు తెచ్చింది. రెండు చేతులతో తెచ్చింది, ఇంటికి పాస్టరు గారు వచ్చినప్పుడు తెచ్చినట్టు. బల్ల మీద పెట్టి, పక్కనే ఒదిగి నిలబడి, "ఇంకేమైనా కావాలాండీ?" అని అడిగింది. మా అమ్మ అలా అడగడం నేనెప్పుడూ వినలేదు.

చూడడానికి వచ్చినవాళ్ళంతా ఆ పెట్టెని మెచ్చుకున్నారు. "రేడియోలో వచ్చినట్టే ఉందండీ మాస్టారూ!" అన్నారు. నాన్న నవ్వారు. తర్వాత నొక్కడం తగ్గించారు. మంచినీళ్ళు కావాలంటే తనే లేచి వెళ్ళి తెచ్చుకునేవారు. కొన్నాళ్ళకి కీబోర్డు మీద అమ్మ అల్లిన గుడ్డ కప్పేసి ఉండడమే గానీ తీసినవాళ్ళు లేరు. ఆయన వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు, పేజీ తిప్పేవారు కాదు. ఆదివారం ప్రకటనలు వేరే ఎవరో చదువుతున్నారని చర్చికి రావడం కూడా తగ్గించారు.

అన్నిటికంటే ఘోరం, అమ్మ ఆయనతో పోట్లాడడం మానేసింది. మాట పోయిన మనిషి మీద ఏం అరుస్తామని జాలి. కూర ముందు పెట్టి "బాగుందాండీ" అని మెల్లిగా అడిగేది, ఆయన తల ఊపితే వెళ్ళిపోయేది. ఒక వానరోజు నాన్న బయటికెళ్ళి వచ్చి, నీళ్ళోడుతున్న గొడుగుని తెచ్చి మధ్యగదిలో, సరిగ్గా అమ్మ ఉతికి మడతపెట్టిన బట్టల పక్కన విప్పి పెట్టారు. కావాలనే పెట్టారు. పెట్టి, వంటింటి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు. పూర్వమైతే ఆ పనికి వీధి చివరిదాకా వినిపించేది. అమ్మ వచ్చింది, చూసింది, ఏమీ అనకుండా గొడుగు తీసి వరండాలో పెట్టి నేల తుడిచి వెళ్ళిపోయింది. నాన్న మొహం ఆ క్షణాన ఎలా అయిపోయిందో నేను చూశాను. డాక్టరు ఆ మాట చెప్పిన రోజున కూడా అంత దిగులు చూడలేదు. గొంతు పోతే పోయింది, ఇంట్లో ఆయన చోటు కూడా పోతోందని నాకు అప్పుడు తెలిసింది. ఇంటి మనిషి అతిథి అయిపోతున్నాడు. దాన్ని ఎలా ఆపాలో తెలియక నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ ముసురులోనే కంప్యూటరు పడకేసింది. స్విచ్చి వేస్తే డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని, లోపల ఏమీ లేదని తెర మీద చెప్పేది. రబ్బరుతో రుద్దాను, తీగలు మార్చాను, పొయ్యిగట్టు మీద కూడా పెట్టి చూశాను. లాభం లేకపోయింది. వాడకపోతే వాడకపోయారు గానీ, నాన్న గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ డిస్కులోనే. వేరేచోట దాచుకునే దారి నాకప్పుడు లేదు. డిస్కుని ఊడదీసి తువ్వాలులో చుట్టుకుని, పసిపిల్లని ఎత్తుకెళ్ళినట్టు ఒళ్ళో పెట్టుకుని పాసింజరు రైల్లో ఏలూరు వెళ్ళాను. పవర్‌పేటలో నేను విడిభాగాలు ఏరుకునే షాపుంది. యజమాని మంచివాడు, వెనక బల్ల మీద ఒక కంప్యూటరు ఇచ్చి, "మీ ఇష్టం అండి, సాయంత్రందాకా చూసుకోండి," అన్నాడు.

ఆ కంప్యూటరుకి నా డిస్కుని రెండో డిస్కుగా తగిలించాను. పోయిన ఫైళ్ళని వెతికే ప్రోగ్రాము ఒకటి అతని దగ్గరే ఉంటే దాన్ని నడిపించాను. అది చాలాసేపు కొట్టుకుని, చివరికి ఒక్కొక్క పేరే తెర మీదికి తెచ్చింది. ఉన్న ఫైళ్ళు దాదాపు అన్నీ దొరికాయి. ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపేసి వచ్చేయాల్సిందే. కానీ వాటి కింద ఇంకా చాలా పేర్లున్నాయి, అన్నిటికీ మొదటి అక్షరం లేదు. ఆ రోజుల్లో ఫైలు చెరిపేస్తే నిజంగా చెరిగేది కాదు. పేరులో మొదటి అక్షరం కొట్టేసి, ఈ చోటు ఖాళీ అని యంత్రం తనకి తాను చెప్పుకునేది, అంతే. ఆ అక్షరం చోట మనం ఏదో ఒకటి వేస్తే, ఈలోపు దాని మీద ఇంకేదీ పడి ఉండకపోతే, ఫైలు లేచి వచ్చేది. ఇవేమిటా అని ఒకదానికి అక్షరం వేసి హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

"అమ్మా రూతూ, పెట్టావా? తిరుగుతోందా అది? ఏమిటో, చెమట కారిపోతోంది బాబూ..." నాన్న. అసలు నాన్న. తర్వాత దగ్గు. ఎక్కడో రైలు కూత. "ఏవోయ్! పప్పు మాడుతున్న వాసనొస్తోంది, చూడు!" దూరంగా వంటింట్లోంచి అమ్మ గొంతు: "నాకూ ముక్కుందండీ!" మళ్ళీ నాన్న, నాకు మాత్రమే చెబుతున్నట్టు మెల్లిగా: "చూశావా, ఏమన్నా ఊరుకోదు." ఆ తర్వాత నవ్వు. పేపరు చాటున నవ్వే నవ్వు.

కత్తిరించి పారేసినవన్నీ అవి. రికార్డు మొదలవ్వకముందువీ, అయిపోయాక మైకు ఆపడం ఆలస్యమైనవీ. నిలబడి చేతులు కట్టుకోకముందు నాన్న మాట్లాడిన మాటలన్నీ. కొన్నిట్లో సగం నుంచి ఉత్త గరగరే మిగిలింది. చాలావరకు చక్కగా ఉన్నాయి. "మజ్జిగలో ఉప్పెక్కువైంది." "నేనేమన్నానని ఇప్పుడు?" "అబ్బ, మొదలుపెట్టావూ?" "మీ అన్నయ్య సంగతి నాకు తెలియదా ఏంటి?" అలా ఒక్కోటీ లేస్తూ వచ్చింది. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. షాపు యజమాని కంగారుగా వచ్చి, "డేటా పోయిందాండీ?" అన్నాడు. "లేదండి, వచ్చింది," అన్నాను. "మరి ఏడుస్తారేంటండీ?" అని అతను అయోమయంగా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు అమ్మ బజారుకి వెళ్ళడం చూసి, వేరే డిస్కులోకి ఎక్కించుకొచ్చినవన్నీ నాన్నకి వినిపించాను. మొదటిది వినగానే ఆయన చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది. రెండోది విన్నాక పలక అందుకుని, మాస్టారు దస్తూరీతో, "ఇవి తీసెయ్యమన్నాను కదా" అని రాశారు. ఆయన అది నాకు చూపించి, చేత్తో తుడిచేసి, మళ్ళీ రాశారు: "ఇంకా ఎన్ని ఉన్నాయి?"

ఇద్దరం కూర్చుని మీటల మీది కాగితాలన్నీ పీకేసి కొత్తవి అతికించాం. ఏది ఏ మీట మీద ఉండాలో ఆయనే నిర్ణయించారు. వెంటవెంటనే కావాల్సి వస్తాయని "నేనేమన్నానని ఇప్పుడు" ఒక పెద్ద మీట మీద, "అబ్బ, మొదలుపెట్టావూ" దాని పక్క మీట మీద పెట్టించారు. "విచ్చేసిన మీకు వందనములు" ఒక్కటి ఉంచమన్నారు, పాస్టరు గారు వస్తే పనికొస్తుందని.

ఇప్పటి ఫోనులకి ఇదంతా అక్కర్లేదు. కాస్త గొంతు వినిపిస్తే చాలు, ఆ గొంతుతో మనం రాసిన మాటంతా చదివేసే ప్రోగ్రాములు వచ్చాయి. సుబ్బలక్ష్మి గారి ఫోనులో నేనే ఒకటి వేసిపెట్టాను. కొల్లేటి చెమ్మకి అది భయపడదు, దాన్ని రబ్బరుతో రుద్దే పనిలేదు. నాకు అసూయ కూడా వేసింది, అప్పుడు ఇది ఉండుంటే నాన్న ఆదివారం ప్రకటనలు కూడా చదివేవారు కదా అని. అయితే ఏ గొంతుని వినిపిస్తే ఆ గొంతుతోనే అది మాట్లాడుతుంది. మంత్రాలు మాత్రమే వినిపిస్తే కూర కూడా మంత్రంలాగే అడుగుతుంది. అందుకే ఆవిడతో, "ఆయనకి చెప్పే చేయండి, కానీ ఫలానా అప్పుడని చెప్పకండి. భోజనాల దగ్గర ఫోను అలా తిరగనివ్వండి. పీటల మీద కాదు, కంచం ముందు ఏం మాట్లాడతారో అది కావాలి," అని చెప్పి పంపించాను. నిన్న ఫోను చేశారు. "వంకాయకూర గురించి సాధించేశారండి మేడమ్ గారూ! మొత్తం వచ్చేసింది!" అని అంత సంబరంగా చెప్పారు. ఆపరేషన్‌కి ఇంకా కొన్నాళ్ళు టైముంది. ఆ ఇంట్లో ఈపాటికి చాలా కూరలకి వంకలు పెట్టి ఉంటారు.

మా ఇంట్లో ఆ వేళ, అమ్మ బజారు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, మౌనంగా వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. నాన్న నా వైపు చూశారు. వేలు మీట మీద పెట్టారు. తప్పుచేస్తున్నామేమో, గాయం మీద కారం చల్లినట్టవుతుందేమో అని నాకు చివరి నిమిషంలో భయం వేసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన నొక్కేశారు.

"మజ్జిగలో ఉప్పెక్కువైంది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అసలు ఆ రోజు మజ్జిగే లేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్నని చూసింది, స్పీకర్ని చూసింది, మళ్ళీ నాన్నని చూసింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి. ఏడ్చేస్తుందనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకున్నట్టున్నారు, గబుక్కున పెద్ద మీట నొక్కారు.

"నేనేమన్నానని ఇప్పుడు?"

"ఏమన్నారా?" అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమన్నారాండీ? ఇన్నాళ్ళూ గుడ్లప్పగించి కూచుని, నోరు తిరగ్గానే మజ్జిగలో ఉప్పంటారా? మజ్జిగెక్కడుందండీ ఇంట్లో? మీరు పాలు తెచ్చారా, నేను తోడేశానా? తడి గొడుగు తెచ్చి నా బట్టల మీద పెడితే ఊరుకున్నాను, మెతుకులు వదిలేసి లేచిపోతే ఊరుకున్నాను..."

"అబ్బ, మొదలుపెట్టావూ?"

"మొదలుపెట్టానండీ! ఎందుకు పెట్టకూడదండీ? మీకేంటి, వేలితో నొక్కితే సరి, నేను గొంతు చించుకోవాలి!" అమ్మ గరిటె చేత్తో పట్టుకునే మధ్యగదిలోకి వచ్చేసింది. గొంతు లేచింది, కొల్లేటి ఒడ్డున నిలబడి పిలిచే గొంతు. గొడుగు సంగతి అయింది, కాఫీ సంగతి అయింది, మేనమామ పెళ్ళి దాకా వెళ్ళింది. నాన్న అక్కడ సరిగ్గా మేనమామ మీట వెతికి నొక్కి, భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. చప్పుడు లేని నవ్వు, కళ్ళవెంట నీళ్ళు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

పక్కింటి మార్తమ్మ గారు పిట్టగోడ మీంచి కంగారుగా తొంగి చూశారు. "ఏమైంది రూతూ? ఏమిటా అరుపులు?"

"ఏం లేదండీ. అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్నారు."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. అర్థమయ్యాక లోపలికి వెళ్ళలేదు. గోడ మీద మోచేతులు ఆనించుకుని, అక్కడే నిలబడి వినసాగారు. మా ఇంట్లో ఆ పూట అన్నం చాలా ఆలస్యమైంది.